ఎక్స్‌టెండెడ్ ఎస్సే రాసే పిల్లలకి ఎంతవరకు సాయం చెయ్యాలి, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న అడిగిన మాస్టారు విజయవాడలో చాలా ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి, ఈ ఏడాదే బెంగళూరులో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూల్లో చేరారు. చేరగానే నలుగురు పిల్లల్ని అప్పజెప్పి, వీళ్ళ ఎక్స్‌టెండెడ్ ఎస్సేకి, అంటే ఐబీ డిప్లొమా కోసం పిల్లలు సొంతంగా ఒక ప్రశ్న పెట్టుకుని రాసే పరిశోధన వ్యాసానికి, మీరే సూపర్‌వైజర్ అన్నారట. ఇప్పుడు ఆయన సందేహాలు ఇవి. టాపిక్ నేనే ఇచ్చేస్తే తప్పా? ఒకబ్బాయి వారానికో టాపిక్ మారుస్తున్నాడు, ఏం చెయ్యాలి? డ్రాఫ్ట్ ఎంతవరకు దిద్దచ్చు? చాట్‌జీపీటీతో రాయించేస్తే ఎలా పట్టుకోవాలి? ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు బయట ట్యూటర్‌ని పెట్టారు, దానికి ఏమనాలి?

ముందు సూటిగా చెప్పేస్తా మాస్టారూ. టాపిక్ మీరు ఇవ్వకండి, డ్రాఫ్ట్ మీరు దిద్దకండి. మీకున్న టైంలో ఎక్కువ భాగం ప్రశ్నని చిన్నది చేయించడానికి పెట్టండి. నేను బెంగళూరులో ఐబీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తూ, స్కూల్లో ఈ ఎస్సేల కోఆర్డినేషన్ కూడా చాలా కాలంగా చూస్తున్నా. ప్రశ్న సరిగ్గా కుదిరిన పిల్లలు మధ్యలో ఎంత తడబడినా చివరికి ఒడ్డెక్కుతారు, ప్రశ్న కుదరనివాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా సెలవులన్నీ కూర్చుని నాలుగు వేల పదాల వికీపీడియా వ్యాసం రాసుకొస్తారు.

ఇంటర్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది. మన దగ్గర మంచి లెక్చరర్ అంటే ఏ ప్రశ్న పడుతుందో ముందే పసిగట్టి సమాధానం పిల్లల చేతిలో పెట్టేవాళ్ళు. ఆ పనికి చాలా నేర్పు కావాలి, నేనూ అలాంటి లెక్చరర్ల దగ్గరే చదువుకుని పైకొచ్చా, కాబట్టి దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఇక్కడ మార్కులు సమాధానానికి కాదు, పిల్లవాడు ఆ సమాధానం దాకా ఎలా నడిచాడు అన్నదానికి. మీరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే వాడు నడిచినట్టు ఎక్కడా కనపడదు, ఎగ్జామినర్‌కి అది రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

చదివేవాళ్ళలో ఐబీ తెలియనివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి లెక్కలు చెప్తా. ఎస్సే గరిష్ఠంగా 4,000 పదాలు, అది దాటితే ఎగ్జామినర్ చదవరు. విద్యార్థి పెట్టాల్సిన టైం సుమారు 40 గంటలు, సూపర్‌వైజర్ ఒక్కో విద్యార్థికి ఇవ్వాల్సింది 3 నుంచి 5 గంటలు, అందులోనే మూడు తప్పనిసరి మీటింగులు, మూడోది చివర్లో జరిగే వైవా, అంటే ఎస్సే గురించి నోటితో అడిగే ప్రశ్నలు. ఎస్సేకి, టీఓకేకి (థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు) కలిపి మొత్తం 45లో 3 పాయింట్ల వరకు వస్తాయి. మూడే కదా అని తేలిగ్గా తీసుకునే పిల్లలు, తల్లిదండ్రులు ఉంటారు, వాళ్ళకి ఒక్క మాట గట్టిగా చెప్పండి, ఎస్సేలో 'E' గ్రేడ్, అంటే అన్నిటికంటే కింది గ్రేడ్ వస్తే మిగతా సబ్జెక్టుల్లో ఎంత బాగా వచ్చినా డిప్లొమా రాదు. ఇంకోటి, 2027 పరీక్షల బ్యాచ్ నుంచి కొత్త గైడ్ వచ్చింది, ఎస్సేకి దిద్దే మొత్తం మార్కులు 34 నుంచి 30 అయ్యాయి. పాత సీనియర్లు ఇచ్చే శాంపిల్ ఎస్సేలు, పాత మార్కింగ్ షీట్లు పట్టుకుని పోతే పిల్లలు తికమక పడతారు. మీ కోఆర్డినేటర్‌ని అడిగి కొత్త గైడ్ తీసుకుని సబ్జెక్టు సెక్షన్ మీరే ఒకసారి పూర్తిగా చదవండి, ఎవరో చేసిన పీపీటీ మీద ఆధారపడకండి.

ఇప్పుడు అసలు విషయం, ప్రశ్న చిన్నది చెయ్యడం.

పిల్లలు మొదటి మీటింగుకి వచ్చేటప్పుడు ఎప్పుడూ ప్రపంచమంత టాపిక్ తెస్తారు. బెంగళూరులో నీటి కాలుష్యం, క్యాన్సర్‌కి నానో టెక్నాలజీ, బ్రిటిష్ వాళ్ళ ఆరోగ్య విధానం, ఇలా. అది చూసి మీరు వెంటనే "ఇది చాలా పెద్దది, నువ్వు ఇది చెయ్యి" అని ఒక చిన్న టాపిక్ చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. అక్కడ మీరు చెప్పేస్తే తర్వాత ప్రతి మీటింగులోనూ వాడు మీ మొహంకేసే చూస్తాడు.

ఒకమ్మాయి ఇలాగే నీటి కాలుష్యం అని వచ్చింది, వాళ్ళది వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్. నేను టాపిక్ గురించి ఏమీ అనకుండా మీ ఇంట్లో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అని అడిగా. తెలీదు మ్యామ్ అంది. తెలుసుకుని రా అన్నా. తర్వాత వారం వచ్చి, కావేరి నీళ్ళు కొంచెం, బోరు నీళ్ళు కొంచెం, చాలకపోతే ట్యాంకర్, అన్నీ ఒకే సంప్‌లో కలుస్తాయట అంది. సరే, ఆ నీళ్ళలో నీకు కంటికి కనపడే తేడా ఏదైనా ఉందా అంటే కాసేపు ఆలోచించి, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, అమ్మ నెలకోసారి వెనిగర్ పోసి కడుగుతుంది అంది. అది ఏమిటి, ఎందుకు మరిగిస్తేనే వస్తుంది, ఎంతసేపు మరిగిస్తే ఎంత వస్తుంది అని అడుగుతూ పోతే, ఆ అమ్మాయే తన నోటితో అంది, బోరు నీళ్ళని ఎంతసేపు మరిగిస్తే కాఠిన్యం (హార్డ్‌నెస్) ఎంత తగ్గుతుందో కొలవచ్చా మ్యామ్ అని. చూడండి, ప్రశ్న అదే. నేను ఇవ్వలేదు. కానీ నేను అడక్కపోతే రాదు కూడా.

మీరు కెమిస్ట్రీ కాబట్టి ఈ కేసు ఇంకొంచెం చెప్తా, ఇందులో సూపర్‌వైజర్ పని ఏంటో బాగా కనపడుతుంది. కాఠిన్యం కొలిచే పద్ధతి మీకు తెలిసిందే, ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేషన్, అమ్మోనియా బఫర్‌తో పీహెచ్ 10 దగ్గర పెట్టి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేసి, ద్రాక్షసారా రంగు పోయి నీలం వచ్చేదాకా. ఒకే బోరు నీళ్ళు, ఒకే బీకరు, సున్నా, 5, 10, 15, 20, 25 నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి, ఒక్కోదానికి మూడు సరిపోలే రీడింగులు. వర్క్ మొదలెట్టాక మొదట్లో కాఠిన్యం చక్కగా తగ్గుతూ వచ్చింది. కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కార్బొనేట్ అడుక్కి చేరుతుంది, పుస్తకంలో ఉన్నట్టే. కానీ 15 దాటాక 20 నిమిషాల దగ్గర, 25 దగ్గర విలువ మళ్ళీ పైకి లేచింది. పిల్ల కంగారు పడి, తప్పు చేశా, ఆ రెండు పాయింట్లు తీసేస్తా మ్యామ్ అని వచ్చింది.

నాకు కారణం చూడగానే అర్థమైంది, మీకూ ఈపాటికి తట్టి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే మనం నోరు మూసుకోవాలి. నేను అడిగింది ఒకటే, మరిగించిన తర్వాత బీకర్లో ఎన్ని మిల్లీలీటర్లు మిగిలాయి? కొలవలేదు అంది. కొలిచి చూడు అన్నా. రెండు రోజులయ్యాక పరిగెత్తుకుంటూ వచ్చింది, నీళ్ళు ఆవిరైపోతున్నాయి మ్యామ్, సల్ఫేట్లు క్లోరైడ్లు పోవు కదా, అవి చిక్కబడుతున్నాయి అని. తర్వాత రెండో సెట్ చేసింది, ఈసారి ప్రతి శాంపిల్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ పాత మట్టానికి తెచ్చి కొలిచింది. రెండు గ్రాఫులూ ఎస్సేలో పెట్టింది, ఒకటి ఎందుకు లేచింది, రెండోది ఎందుకు లేవలేదు అని రాసింది. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం కోరదగిన పరిమితి లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు పర్వాలేదు అంటారు కదా, దాంతో పోల్చి మరిగించడం వల్ల ఇంట్లో నిజంగా ఉపయోగం ఎంత అన్నది చర్చించింది. ఆ ఎస్సేలో బలమంతా ఆ పైకి లేచిన రెండు పాయింట్ల దగ్గరే ఉంది. నేను ముందే "వాల్యూమ్ సరిచెయ్యమ్మా" అని ఉంటే గ్రాఫ్ అందంగా వచ్చేది, రాయడానికి మాత్రం ఏమీ మిగిలేది కాదు.

కాబట్టి రిజల్ట్ తేడాగా వస్తే దాన్ని సరిచెయ్యకండి, అదే ఎస్సే అనుకోండి. సేఫ్టీ విషయం మాత్రం వేరు, అక్కడ ముందే గట్టిగా చెప్పాలి, చూస్తూ ఊరుకోకూడదు. అలాగే ఐఏ (ఇంటర్నల్ అసెస్‌మెంట్, అదే సబ్జెక్టులో మార్కుల కోసం చేసే ప్రాజెక్టు) కోసం చేసిన ప్రయోగాన్నే ఎస్సేకి వాడడం కుదరదు, ఈ సంగతి మొదటి రోజే చెప్పండి, లేదంటే రెండూ ఒకటే డేటాతో కానిచ్చేద్దాం అనుకుంటారు.

సైన్స్ కాని సబ్జెక్టు కూడా ఒకటి చెప్తా, ఎందుకంటే మీ నలుగురిలో ఒకరు వేరే సబ్జెక్టు అన్నారు. హిస్టరీ పిల్లవాడు ఒకడు బ్రిటిష్ ఆరోగ్య విధానం అని వచ్చాడు. హిస్టరీలో టాపిక్ కనీసం పదేళ్ళ కిందటిదై ఉండాలి, కాలం విషయంలో అది తప్ప ఇంకేం అడ్డు లేదు, కాబట్టి వాడు ఇండియా మొత్తం పట్టుకుందామనుకున్నాడు. వాళ్ళ హిస్టరీ టీచరూ నేనూ కలిసి కూర్చుని మీరుండేది ఎక్కడ అని అడిగాం, మల్లేశ్వరం అన్నాడు. ఆ పేట ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలుసుకో అన్నాం. వాడు నెట్‌లో చూసి, 1898లో బెంగళూరులో ప్లేగు వచ్చింది, అందుకే మల్లేశ్వరం, బసవనగుడి కట్టారు అని ఒక్క లైన్‌లో తేల్చేశాడు. అందరూ అదే రాస్తారు. మరి చామరాజపేట ఎప్పుడు వచ్చింది అని అడిగితే వెతికి 1892 అన్నాడు. ప్లేగుకి ముందే ఊరు పాత పేట దాటి బయటికి పెరగడం మొదలైతే, ప్లేగే కారణం అని ఎంతవరకు అనచ్చు? అంతే, వాడి ప్రశ్న తయారైంది. "ఎంతవరకు" అన్నమాట వచ్చిందంటే వాదన పుట్టడానికి చోటు దొరికినట్టు.

వాడికి ఇంకో మంచి విషయం దొరికింది. బి. ఎల్. రైస్ రాసిన మైసూర్ గెజెటియర్ (ఆ రాజ్యం వివరాలన్నీ ఉన్న పుస్తకం) 1897 ఎడిషన్ స్కాన్ కాపీ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది చూసి, ఇందులో బెంగళూరు ప్లేగు గురించి ఏమీ లేదు, పనికిరాదు అన్నాడు. ఏ సంవత్సరం పుస్తకం ఇది అని అడిగాం. ఒక్క నిమిషం ఆగి, ప్లేగు రావడానికి ముందు సంవత్సరం కదా అని, ముందు ఊరు ఎలా ఉండేదో చూడడానికి ఇదే కావాలి అని వాడే అన్నాడు. తర్వాత హయవదన రావు గెజెటియర్ 1920ల చివర్లో మొదలై వచ్చింది కాబట్టి దాన్ని పక్కన పెట్టుకుని రెండింటినీ పోల్చాడు. సోర్సు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అన్న మూడు ప్రశ్నలు పిల్లలకి క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఇలాంటిది ఒక్కటి తగిలితే జీవితంలో మర్చిపోరు.

బెంగళూరులో ఉన్నాం కాబట్టి పిల్లల్ని బయటికి పంపండి. కబ్బన్ పార్కులో ఎర్ర భవనంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, నృపతుంగ రోడ్డులో 1909లో మొదలైన మిథిక్ సొసైటీ ఉంది, చరిత్ర, శాసనాల మీద అక్కడ మంచి పుస్తకాలున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు చాలామందికి కన్నడ చదవడం వచ్చు, దాన్ని వాడుకోమనండి, ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్ళకి అందని సోర్సులు వాళ్ళకి అందుతాయి. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో కోలార్, చిత్తూరు వైపు సంగతులు తెలిసి ఉంటాయి, వాళ్ళని అడిగి రికార్డు చేసుకోవచ్చు, హిస్టరీలో అది కూడా సోర్సే, కాకపోతే జ్ఞాపకం ఎంతవరకు నమ్మచ్చు అన్నది కూడా రాయాలి.

ఎకనామిక్స్ వాళ్ళకి ఈ ఊరే ల్యాబ్. 2024 మార్చిలో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకి రేటు పెట్టింది, 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకి 600 రూపాయలు, 12,000 లీటర్లకి 1,000 రూపాయలు అని. గరిష్ఠ ధర నిర్ణయిస్తే ఏమవుతుంది అన్నది పుస్తకంలో గీత గీసి చూపిస్తాం కదా, మరి మన వీధిలో నిజంగా ఏం జరిగింది అని ఒక పిల్ల పట్టుకుంది. మొదట సర్వే ఫారం తయారు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంపిస్తా అంది. అభిప్రాయాలు వస్తాయి, డేటా రాదు, బిల్లులు ఎవరి దగ్గర ఉంటాయి అని అడిగా. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్ దగ్గర ఉంటాయి అంది. వెళ్ళి మర్యాదగా అడిగి, పేర్లు తీసేసి, ముందు నెలల రేట్లు, తర్వాత నెలల రేట్లు తెచ్చుకుంది. నాలుగు అపార్ట్‌మెంట్ల బిల్లులతో బెంగళూరు మొత్తానికి ముగింపు రాయకూడదు అన్న సంగతి మాత్రం రెండు మూడుసార్లు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

వారానికో టాపిక్ మార్చే అబ్బాయి గురించి. సాధారణంగా ఇలాంటి పిల్లలు బద్ధకస్తులు కారు, భయపడుతున్నారు. టాపిక్ మార్చినంతకాలం మొదలుపెట్టక్కర్లేదు కదా. వాణ్ణి కోప్పడకండి, ఏ టాపిక్ మంచిది అన్న చర్చ కూడా పెట్టకండి. ఇప్పటిదాకా అనుకున్న టాపిక్‌లన్నీ ఒక కాగితం మీద రాయించండి, ఒక్కోదాని పక్కన వాడు నిజంగా తెరిచి చదివిన రెండు సోర్సులు, దొరకగల డేటా ఏంటి అన్నది రాయమనండి. చాలావాటి పక్కన ఖాళీ ఉంటుంది. ఖాళీ లేనివి ఒకటో రెండో మిగులుతాయి. అందులోంచి వాడే ఎంచుకుంటాడు, ఎంచుకున్నాక ఒక తేదీ చెప్పి ఆ తర్వాత మార్పు లేదు అని తేల్చి చెప్పండి. ప్రశ్నలో మాటలు తర్వాత ఎన్నిసార్లైనా మారచ్చు, మారాలి కూడా, టాపిక్ మాత్రం మారకూడదు.

టాపిక్ పిల్లవాడిదా, ఇంట్లో వాళ్ళదా అన్నది కూడా చూసుకోండి. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు సాఫ్ట్‌వేర్, వాళ్ళకి పిల్లల ఎస్సే క్వాంటమ్ కంప్యూటింగ్ మీదో మెషిన్ లెర్నింగ్ మీదో ఉంటే అమెరికా యూనివర్సిటీ అప్లికేషన్‌లో బాగుంటుందని ఆశ. పిల్లవాడేమో క్లాసులో పీహెచ్ చాప్టర్ దగ్గర కూడా ఇంకా తడుముకుంటుంటాడు. అలాంటప్పుడు తల్లిదండ్రుల ముందే పిల్లవాణ్ణి అడగండి, నీ ప్రశ్న ఏంటో రెండు నిమిషాలు నాకు చెప్పు అని. చెప్పలేకపోతే వాళ్ళకే అర్థమవుతుంది, మీరు వాదించక్కర్లేదు. పిల్లలు డీపీలో (ఐబీ డిప్లొమా ప్రోగ్రామ్‌లో) చదివే సబ్జెక్టుల్లోంచే ఎస్సే తీసుకుంటే మంచిదని కూడా వాళ్ళకి చెప్పండి.

డ్రాఫ్ట్ ఎంతవరకు చూడచ్చు? నియమం స్పష్టంగా ఉంది. పూర్తి డ్రాఫ్ట్ ఒక్కటి చదివి ఒక్కసారి కామెంట్స్ ఇవ్వచ్చు, ఆ తర్వాత వచ్చేది ఫైనల్. ఎడిటింగ్, ప్రూఫ్ రీడింగ్ మన పని కాదు. అందుకే సగం సగం డ్రాఫ్టులు చూపిస్తే నేను తీసుకోను, మాట్లాడదాం రా అంటా. మాట్లాడడానికి పరిమితి అంత కఠినంగా లేదు, చెక్-ఇన్ మీటింగులు పెట్టుకోవచ్చు, మొత్తం టైం దాటకుండా చూసుకోండి చాలు.

కామెంట్ ఎలా రాయాలి అన్నది అలవాటు కావాలి. "ఆవిరి వల్ల గాఢత పెరిగింది అని ఇక్కడ చేర్చు" అని రాస్తే అది మీ వాక్యం. "20 నిమిషాల దగ్గర గ్రాఫ్ లేచింది, దాని గురించి నువ్వు ఒక్క మాటా అనలేదు" అని రాస్తే అది పిల్లల పని. "ఈ పేరా తీసేస్తే నీ వాదనకి ఏం నష్టం?" అన్నది నేను ఎక్కువగా రాసే కామెంట్, ఎందుకంటే అందరూ మొదటి రెండు పేజీలు ఉపోద్ఘాతానికి తగలేస్తారు, బెంగళూరు ఉద్యాననగరి, నీరు జీవనాధారం, ఇలాంటివి. నాలుగు వేల పదాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ అసలు విశ్లేషణ మొదలయ్యాక చాలవు. కొత్త గైడ్‌లో చర్చ, మూల్యాంకనం అన్నదానికే అన్నిటికంటే ఎక్కువగా 8 మార్కులు, అది దాదాపు ప్రతి పిల్లవాడూ చివర్లో టైం లేక గబగబా రాసేసే భాగం. అందుకే నేను ఇంట్రో చివర్న రాయమంటా, ముందు డేటా, ముందు వాదన.

చాట్‌జీపీటీ. ఐబీ దీన్ని నిషేధించలేదు, వాడితే ఎక్కడ వాడారో చూపించాలి, చూపించకుండా తనదిగా పెడితే అది మాల్‌ప్రాక్టీస్. ఏఐ రాసిందో కాదో చెప్పే డిటెక్టర్ల మీద ఆధారపడి పిల్లల మీద నింద వెయ్యకండి, అవి తప్పు చెప్తాయి. నేను చేసేవి చాలా మామూలు పనులు. మొదటి రోజు నుంచి ఒకే గూగుల్ డాక్‌లో రాయమంటా, వెర్షన్ హిస్టరీ ఉంటుంది, రాత్రికి రాత్రి రెండు వేల పదాలు వచ్చి పడితే కనపడుతుంది. మీటింగులో ఏదో ఒక రిఫరెన్స్ వేలితో చూపించి, ఇది ఇప్పుడు నా ముందు తెరువు, నువ్వు వాడిన మాట ఎక్కడుందో చూపించు అంటా. నిజంగా చదివినవాళ్ళు అరనిమిషంలో చూపిస్తారు. ఏఐ లేని పుస్తకాలు, లేని పేపర్లు కూడా పుట్టించి ఇస్తుంది, అలాంటివైతే అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత కూడా అనుమానం ఉంటే వైవాలో ఈ పద్ధతే ఎందుకు, వేరేది ఎందుకు కాదు అని అడగండి. తను చెయ్యని పని గురించి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేరు. ఇది తనదే అని నమ్మకం లేకపోతే మీరు సంతకం పెట్టకండి, అది మీ పేరు మీద ఇచ్చే హామీ.

వర్క్ మధ్యలో పిల్లలు ఒక నోట్‌బుక్ పెట్టుకునేలా చూడండి, ఏ రోజు ఏం చదివారు, ఏం నచ్చలేదు, ఎందుకు మార్చారు, రెండు లైన్లు చాలు. చివర్లో 500 పదాల రిఫ్లెక్షన్ రాయాలి, దానికి 4 మార్కులు. నోట్స్ లేనివాళ్ళు "నేను టైం మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాను" అని రాస్తారు, అందరూ అదే రాస్తారు. నోట్స్ ఉన్న ఆ నీళ్ళ అమ్మాయి మాత్రం రెండు పాయింట్లు తీసేద్దామనుకున్న రోజు గురించి రాసింది.

టైం గురించి కూడా ఒక మాట. స్కూల్ క్యాలెండర్ ప్రకారం మీకు ఎప్పుడు డెడ్‌లైన్ ఉన్నా, ల్యాబ్ పని మొత్తం పెద్ద సెలవులకి ముందే అయిపోయేలా చూసుకోండి. సెలవుల్లో పిల్లలు ఊళ్ళకి, దేశాలకి వెళ్ళిపోతారు, ల్యాబ్ అసిస్టెంట్లు ఉండరు, ఈడీటీఏ అయిపోయిందంటే తెప్పించేవాళ్ళు ఉండరు. సెలవుల్లో రాయడం మాత్రమే మిగలాలి. నాలుగో వంతు పిల్లలు అప్పుడు కూడా రాయరు, వాళ్ళకి సెలవుల మధ్యలో ఒక వీడియో కాల్ పెట్టండి, ఫోన్ చేస్తారన్న భయంతోనైనా కొన్ని పేజీలు కదులుతాయి.

ఇక బయటి ట్యూటర్ సంగతి. బెంగళూరులో ఎస్సేకి హెల్ప్ చేస్తామని తీసుకునే ట్యూటర్లు చాలామందే ఉన్నారు, కొందరు నిజంగా బాగానే చెప్తారు, కొందరు టాపిక్, డేటా, డ్రాఫ్ట్ అన్నీ చేతికిచ్చేస్తారు. ఆ నాన్నగారిని ఇబ్బంది పెట్టకుండా ఒక్కసారి స్కూలుకి పిలిచి, అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. సబ్జెక్టులో కాన్సెప్ట్ అర్థం కాకపోతే ట్యూటర్ దగ్గర చెప్పించుకోండి, అందులో తప్పు లేదండీ, కానీ ఎస్సే ఫైలు ఆయన తెరవకూడదు, ఒక్క వాక్యం కూడా ఆయన రాయకూడదు, ఆయన దగ్గర ఏం సాయం తీసుకున్నా మాకు చెప్పాలి, లేకపోతే రేపు నేను సంతకం పెట్టలేను, అప్పుడు నష్టం అమ్మాయికే అని స్పష్టంగా చెప్పండి. ఫీజు కట్టేశాం కదా అంటారు, అనచ్చు. మెత్తగా ఉంటూనే మాట మార్చకండి. మాట్లాడింది అదే రోజు మీ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి ఉంచుకోండి. తర్వాత మీటింగుకి ఆ అమ్మాయిని ఒంటరిగా పిలిచి, ట్యాబ్ మూసేసి, నీ ప్రశ్న ఏంటమ్మా అని అడగండి. చెప్పగలిగితే అక్కణ్ణుంచి కొనసాగించండి, చెప్పలేకపోతే ఎంత డ్రాఫ్ట్ ఉన్నా పక్కన పెట్టించి ప్రశ్న దగ్గర్నుంచి మొదలెట్టండి, ఇంకా టైం ఉంది.